ఈ అంకెలో తప్పెంత? ఉద్యోగం రాని సి.ఆర్. రావు కలకత్తాలో స్టాటిస్టిక్స్ నేర్చుకున్న కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఉద్యోగం రాని ఒక కుర్రాడితో మొదలుపెడదాం.

1940. విశాఖపట్నం. ఆంధ్ర యూనివర్సిటీలో ఎంఏ మ్యాథ్స్ ఫస్ట్ క్లాస్‌లో, ఫస్ట్ ర్యాంక్‌తో పాసయ్యాడు. వయసు ఇరవై. రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాడు. అప్లికేషన్ లేటుగా చేరిందని రిజెక్ట్ చేశారు. అవును, అప్పుడు కూడా లాస్ట్ డేట్ బాధలు ఉన్నాయి. బయట చూస్తే రెండో ప్రపంచ యుద్ధం. ఆర్మీ సర్వే యూనిట్‌లో మ్యాథ్స్ తెలిసినవాళ్లు కావాలంటే ఇంటర్వ్యూ కోసం కలకత్తా రైలెక్కాడు. అక్కడా పని కాలేదు.

కానీ కలకత్తాలో దిగిన హోటల్లోనే ఇంకో కుర్రాడు పరిచయమయ్యాడు. ఇక్కడ ఏం చేస్తున్నావంటే, స్టాటిస్టిక్స్‌లో ట్రైనింగ్ అవుతున్నానన్నాడు. సరే, అదేంటో చూద్దామని మనవాడు వెళ్లాడు. చూశాడు. 1941 జనవరి 1న అందులోనే చేరిపోయాడు.

ఆ కుర్రాడే కల్యంపూడి రాధాకృష్ణ రావు. ప్రపంచానికి సి.ఆర్. రావు. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న మనిషి. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

అయితే ఇది ఆయన జీవిత చరిత్ర ఎపిసోడ్ కాదు. బీకాం, బీబీఏ, ఎంబీఏ, ఎకనామిక్స్ చదివేవాళ్లు నాకు తరచూ పెట్టే మెసేజ్ ఒకటుంది: "అన్నా, బిజినెస్ స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది, ఫార్ములాలు గుర్తుండట్లేదు, ఎలా నేర్చుకోవాలి?" నా జవాబు ఈ కథ. ఎందుకంటే 1940ల కలకత్తాలో స్టాటిస్టిక్స్ నేర్చుకున్నవాళ్లు ఫార్ములాతో మొదలుపెట్టలేదు. ఒక ప్రశ్నతో మొదలుపెట్టారు. ఈ అంకెలో తప్పెంత?

ముందు నా కథ

నా సంగతి నిజాయితీగా చెప్పేస్తా. బీటెక్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్‌ని నేను పాత క్వశ్చన్ పేపర్లతో గట్టెక్కించాను. తర్వాత ఉద్యోగంలో చేరాక ఒక యాప్‌కి యూజర్ సర్వే రిపోర్ట్ చేసే పని నాకిచ్చారు. యాప్‌లో పాపప్ వస్తుంది, యూజర్లు స్టార్స్ ఇస్తారు. రిజల్ట్ బ్రహ్మాండంగా వచ్చింది. గ్రాఫ్‌లు గీశాను, మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలకే యూజర్లు తగ్గిపోతున్నారని తేలింది. తప్పు ఎక్కడ? యాప్ నచ్చనివాళ్లు అప్పటికే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేశారు. వాళ్లకి నా పాపప్ ఎప్పుడూ కనబడలేదు. మిగిలినవాళ్లనే అడిగి, అందరూ హ్యాపీ అని నేను రాసేశాను.

నా లెక్కలో యావరేజ్ కరెక్టే. ఎక్సెల్ తప్పు చేయలేదు. తప్పు అంతకుముందే జరిగిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

పదహారణాల పంట

ఇప్పుడు బెంగాల్ వెళ్దాం. "పదహారణాల తెలుగు అమ్మాయి" అంటాం కదా. రూపాయికి పదహారు అణాలు, అంటే పూర్తిగా, ఏ లోటూ లేకుండా అని. బ్రిటిష్ ఇండియాలో పంట అంచనాకి కూడా ఇదే భాష వాడేవాళ్లు. అణావారీ పద్ధతి అంటారు. మామూలు పంట పండితే పదహారణాలు. కాస్త తగ్గితే పన్నెండణాలు. సగం పోతే ఎనిమిదణాలు.

పద్ధతి చాలా సింపుల్. ఎన్ని ఎకరాలు వేశారు? మామూలుగా ఎకరానికి ఎంత పండుతుంది? ఈ ఏడు ఎన్ని అణాల పంట? మూడూ గుణిస్తే ప్రావిన్స్ మొత్తం పంట వచ్చేస్తుంది. పేపర్ మీద చక్కగా ఉంది కదా?

చిక్కు ఏంటంటే, అణాల సంగతి కంటిచూపుతో చెప్పేది. పొలం గట్టు మీద నిలబడి "పన్నెండణాలు ఉండొచ్చు" అంటే అదే లెక్క. మన రైత్వారీ జిల్లాల్లో అయితే కనీసం ఎకరాల సంగతి చూడ్డానికి ఊరికో కరణం ఉండేవాడు. అడంగల్ రాసేవాడు. బెంగాల్లో అది కూడా లేదు. 1793 నుంచి అక్కడ శాశ్వత జమీందారీ పద్ధతి. శిస్తు ఎప్పుడో ఫిక్స్ అయిపోయింది. ఏ పొలంలో ఏం వేశారో ఏటా రాసుకోవాల్సిన అవసరం సర్కారుకి లేదు, అందుకు ఊరూరా ఉద్యోగులూ లేరు. కాబట్టి చౌకీదార్లూ కింది స్థాయి అధికారులూ చెప్పిన మాటే పైకి వెళ్లేది.

మూడు అంకెలు గుణిస్తున్నాం, అందులో రెండు ఊహలు. వచ్చిన జవాబులో తప్పెంత? ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే దారి ఆ పద్ధతిలో లేదు.

అడగకపోతే ఏమవుతుందో 1943లో తెలిసింది. బెంగాల్ కరువు. బర్మా జపాన్ చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. 1942 అక్టోబర్‌లో తుఫాను. యుద్ధకాలపు ధరలు. ప్రభుత్వ విచారణ కమిషన్ లెక్కలో చనిపోయినవాళ్లు సుమారు 15 లక్షలు. తర్వాత వచ్చిన చాలా అంచనాలు అంతకంటే బాగా ఎక్కువ చెప్పాయి. కరువుకి కారణం బియ్యం లేకపోవడమా, ఉన్నా కొనే డబ్బు పేదల దగ్గర లేకపోవడమా? 1981లో అమర్త్యసేన్ పుస్తకం రెండోదాన్ని గట్టిగా వాదించింది. కొందరు పరిశోధకులు ఎదురు ప్రశ్న వేశారు: అసలు ఆ పంట లెక్కల్ని నమ్మి ఏదైనా ఎలా చెప్తాం? ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఆ చర్చ ఆ పొలంగట్టు దగ్గరికే తిరిగి వస్తుంది.

ఒక్క మెతుకు చాలా?

ఈ పరిస్థితిలో, అదే కలకత్తాలో, ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ వేరే దారి వెతుకుతున్నాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్. ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక గదిలో స్టాటిస్టికల్ లాబొరేటరీ నడిపేవాడు. 1931 డిసెంబర్‌లో అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. షార్ట్‌గా ఐఎస్ఐ. హెల్మెట్ మీద ఉండే ఐఎస్ఐ కాదు, మీరు న్యూస్‌లో వినే పక్క దేశపు ఐఎస్ఐ అంతకన్నా కాదు! మన సి.ఆర్. రావు చేరింది ఇక్కడే.

వాళ్ల చేతిలో ఉన్న పెద్ద పని జనపనార. గోనె సంచుల ముడిసరుకు. హుగ్లీ ఒడ్డు మిల్లులన్నీ దాని మీదే బతికేవి. పంట ఎంత వస్తుందో ముందే తెలిస్తే రేటు తెలుస్తుంది. తెలియకపోతే రైతు చౌకగా అమ్ముకుంటాడు, లేదంటే మిల్లు దెబ్బతింటుంది. అంటే ఇది అచ్చంగా బిజినెస్ స్టాటిస్టిక్స్. 1937 నుంచి చిన్న స్థాయిలో ప్రయోగాలు చేసి, 1941 నాటికి ప్రావిన్స్ మొత్తానికి శాంపిల్ సర్వే చేశారు.

శాంపిల్ అంటే మనింట్లో అందరికీ తెలిసిందే. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి గిన్నె మొత్తం తినం. ఒక మెతుకు పట్టుకుంటే చాలు. కానీ అది ఎందుకు పనిచేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడుకుతాయి కాబట్టి. బెంగాల్ పొలాలు అలా కాదు. నది పక్కన ఒకలా, మెట్ట మీద ఒకలా. రోడ్డు పక్కనున్న పొలాలే చూసి వచ్చేస్తే లెక్క తప్పుతుంది. అందుకని మ్యాప్ మీద ర్యాండమ్‌గా చోట్లు ఎంచుకున్నారు. మనిషి ఇష్టానికి వదల్లేదు. లాటరీలో ఏ చోటు వస్తే అక్కడికి, బురదైనా సరే, నడిచి వెళ్లాల్సిందే.

ఎన్ని చోట్లకి వెళ్లాలి? ఇక్కడ అసలు ఎకనామిక్స్ వస్తుంది. శాంపిల్ పెంచితే తప్పు తగ్గుతుంది, కానీ చాలా నిదానంగా. మామూలు ర్యాండమ్ శాంపిల్‌లో తప్పు సగం కావాలంటే శాంపిల్ నాలుగింతలు కావాలి. మూడో వంతు కావాలంటే తొమ్మిదింతలు. ఖర్చు మాత్రం నిదానంగా పెరగదు. మహలనోబిస్ టీమ్ సర్వే మనుషుల టైమ్ ఎటు పోతుందో కూడా లెక్క రాసుకుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడక ఎంత, కొలత ఎంత, కాగితం పని ఎంత. వాటిని తప్పుతో కలిపి చూసి, ఉన్న డబ్బుతో తప్పు అతి తక్కువ అయ్యేలా ప్లాన్ వేసింది. మీ సిలబస్‌లో శాంపిల్ సైజ్ ఫార్ములా ఉంటుంది కదా, దాని వెనక ఈ బురద నడక ఉంది.

శాంపిల్ సర్వే నిజంగా పనిచేసిందా? జనపనారలో ఒక సౌకర్యం ఉంది. సీజన్ అయ్యాక మిల్లులు ఎంత వాడాయో, ఓడల్లో ఎంత వెళ్లిందో తెలుస్తుంది. దానితో పోల్చి చూసుకోవచ్చు. అలా పోల్చినప్పుడు శాంపిల్ సర్వే నిలబడింది. అదీ ప్రతి పొలానికీ మనిషిని పంపి లెక్కపెట్టే పద్ధతితో చూస్తే సుమారు పదో వంతు ఖర్చుతో.

మీకు డౌట్ రావాలి. అన్నీ లెక్కపెడితే తప్పెలా వస్తుంది? వస్తుంది. అన్ని పొలాలకీ మనుషుల్ని పంపాలంటే వేలమందిని హడావుడిగా పెట్టుకోవాలి. ట్రైనింగ్ ఉండదు, చెకింగ్ ఉండదు. కొందరు పొలానికి వెళ్లకుండానే రాసేస్తారు. కొద్దిమంది బాగా నేర్చుకున్నవాళ్లు కొద్ది చోట్ల జాగ్రత్తగా కొలిస్తే, అది ఎక్కువ నమ్మదగ్గది కావచ్చు. డేటా ఎంత పెద్దది అన్నదానికంటే ఎలా వచ్చింది అన్నది ముఖ్యం.

అంచు మీద మొక్క

ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. కాస్త మెల్లగా వినండి.

పంట దిగుబడి కొలవాలంటే పొలంలో ఒక చోట చిన్న ముక్క గుర్తుపెట్టి, అందులో పంట కోసి తూకం వేస్తారు. పంట కోత ప్రయోగం అంటారు, ఇప్పటికీ చేస్తారు. ముక్క చిన్నదైతే పని తేలిక. కాబట్టి చిన్న చిన్న ముక్కలు ఎక్కువ చోట్ల కోస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది.

కానీ చిన్న ముక్కలు కోసినప్పుడు దిగుబడి ఎప్పుడూ ఎక్కువే వస్తోంది. ఎందుకు? గీత మీద నిలబడ్డ మొక్క గురించి ఆలోచించండి. అది లోపలిదా, బయటిదా? కోసేవాడికి చేతికి అందుతుంది, లోపల వేసేస్తాడు. మోసం కాదు, మనిషి స్వభావం. ఇప్పుడు ముక్క గుండ్రంగా ఉందనుకుని, రింగు సైజు సగం చేయండి. లోపలి విస్తీర్ణం నాలుగో వంతుకి పడిపోతుంది. చుట్టూ అంచు మాత్రం సగమే తగ్గుతుంది. అంటే ముక్క చిన్నదయ్యేకొద్దీ అందులో గీత మీది మొక్కల వాటా పెరుగుతుంది, తప్పు కూడా పెరుగుతుంది.

ఈ తప్పు శాంపిల్ పెంచితే పోదు. వెయ్యి చోట్ల కోసినా, పదివేల చోట్ల కోసినా, ప్రతి చోటా అదే వైపుకి మొగ్గుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం చాలా చిన్నగా, ముద్దుగా కనిపిస్తుంది. తప్పు అంకెని చాలా కచ్చితంగా చెప్తున్నామన్నమాట. దీన్నే బయాస్ అంటాం. నా పాపప్ సర్వే గుర్తుందా? అక్కడ జరిగింది కూడా ఇదే. ఇంకో లక్షమంది స్టార్స్ ఇచ్చినా నా రిపోర్ట్ బాగుపడేది కాదు.

దీన్ని పట్టుకోడానికి మహలనోబిస్ ఇంకో పద్ధతి కూడా పెట్టాడు. ఒకే ప్రాంతానికి రెండు వేరే శాంపిళ్లు తీసి, రెండు టీమ్‌లకి ఇవ్వడం. ఒకరిది ఒకరికి తెలియకుండా పని చేస్తారు. రెండు జవాబులూ బాగా తేడాగా వస్తే ఎక్కడో ఏదో జరిగిందని అర్థం. ఐడియా బాగుంది, కానీ దీనికీ ఒక హద్దుంది. రెండు టీమ్‌లూ గీత మీది మొక్కని లోపలే వేస్తే, ఇద్దరి లెక్కా చక్కగా కలుస్తుంది, ఇద్దరిదీ తప్పే. అందుకే రిపోర్ట్‌ని ఆఫీసులో చెక్ చేస్తే చాలదు, పొలంలో నిలబడి కోసేవాడి చెయ్యి చూడాలి.

క్లాసులో లేచిన చెయ్యి

మళ్లీ సి.ఆర్. రావు దగ్గరికి వద్దాం. 1941 జూలైలో కలకత్తా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్‌లో ఎంఏ మొదలుపెట్టింది. రావు మొదటి బ్యాచ్. 1943లో ఫస్ట్ క్లాస్, ఫస్ట్ ర్యాంక్, గోల్డ్ మెడల్. వెంటనే పాఠం చెప్పడం కూడా మొదలైంది. చిన్నప్పుడు వాళ్లమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకి కూర్చోబెట్టేదని, తన చదువు తపనంతా ఆమె పుణ్యమేనని ఆయన తర్వాత ఒక పుస్తకం అంకితంలో రాసుకున్నారు. ఆ దీపం దగ్గర చదివిన కుర్రాడు ఇప్పుడు దాదాపు తన వయసువాళ్లకే సార్.

1944లో ఒక క్లాసు. పెద్ద పెద్ద శాంపిళ్లు ఉన్నప్పుడు ఒక అంచనా ఎంత మంచిదో చెప్పే ఫిషర్ రిజల్ట్‌ని రావు చెప్తున్నారు. ఒక స్టూడెంట్ అడిగాడు: శాంపిల్ చిన్నదైతే? అంతులేని డేటా కాకుండా, మన చేతిలో ఉన్న ఈ కాస్త డేటాతో కూడా అలాంటిది నిరూపించవచ్చా?

రావు దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి ఆ రాత్రి కూర్చున్నారు. మర్నాడు క్లాసుకి జవాబుతో వచ్చారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన పేపర్‌లో ఆ రిజల్ట్ ఉంది. స్వీడన్‌కి చెందిన హరాల్డ్ క్రామెర్ కూడా విడిగా అదే చేరుకోవడంతో క్రామెర్-రావు బౌండ్ అన్న పేరు నిలిచిపోయింది.

సింపుల్‌గా దాని సారం ఇది. బయాస్ లేని అంచనా ఏదైనా సరే, మీరెంత తెలివైన ఫార్ములా వాడినా, ఇంత డేటాతో తప్పు ఒక హద్దు కంటే కిందకి తగ్గదు. ఆ హద్దు ఎంతో ముందే లెక్కకట్టొచ్చు. ఎవరైనా "మా మోడల్ ఇరవైమంది డేటాతో వంద శాతం కచ్చితంగా చెప్తుంది" అంటే నవ్వుకోడానికి మీ దగ్గర ఒక థియరమ్ ఉంది.

"బయాస్ లేని" అన్న మాట గమనించారా? గీత మీది మొక్క సంగతి ఈ థియరమ్ చూసుకోదు. అంటే తప్పులు రెండు రకాలు. మొదటిది అదృష్టం వల్ల వచ్చేది. దాన్ని పెన్నూ పేపరూ పట్టుకుని కొలవొచ్చు. రెండోది మనుషుల వల్ల, పద్ధతి వల్ల వచ్చేది. దానికి కాళ్లకి బురద అంటాల్సిందే. కలకత్తాలో నేర్చుకున్నవాళ్లకి ఈ రెండూ ఒకే చోట దొరికాయి. మన పుస్తకాల్లో మొదటిది పదిహేను చాప్టర్లు ఉంటే, రెండోది ఒక పేరాలో అయిపోతుంది.

ఇక ఆ ప్రశ్న అడిగిన స్టూడెంట్ ఎవరు? వి.ఎం. దండేకర్. ఎకనామిక్స్ వాళ్లు ఇప్పుడు సీట్లో నిటారుగా కూర్చోవాలి. పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్‌కి డైరెక్టర్ అయిన దండేకర్ ఈయనే. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశంలో పేదరికం మీద ప్రసిద్ధమైన అధ్యయనం ప్రచురించారు. రోజుకి 2250 క్యాలరీల తిండికి సరిపడే ఖర్చు ఆధారంగా, 1960-61 ధరల్లో మనిషికి నెలకి పల్లెల్లో 15 రూపాయలు, పట్నాల్లో 22 రూపాయల 50 పైసలు అని గీత గీశారు. పల్లెల్లో సుమారు 40 శాతం, పట్నాల్లో సుమారు 50 శాతం మంది ఆ గీత కిందే ఉన్నారని తేల్చారు.

ఆ డేటా ఎక్కడిది? నేషనల్ శాంపిల్ సర్వే. 1950లో మొదలైంది. దాని వెనక ఉన్నది మళ్లీ మహలనోబిసే, జనపనార పొలాల్లో నేర్చుకున్న పాఠాలే. చూశారా, ఇక్కడ గీత మీద నిలబడ్డది మొక్క కాదు, కుటుంబం. నెలకి 15 రూపాయలా, 15 రూపాయల 50 పైసలా అన్నది ఆ ఇంటికి వెళ్లిన సర్వే మనిషి ఎంత ఓపిగ్గా అడిగాడన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

మీ ప్రాజెక్ట్‌కి వద్దాం

సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జ్ వెళ్లారు. సూడాన్‌లో తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతల మీద పనిచేశారు, 1948లో ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు, తిరిగొచ్చి మూడు దశాబ్దాలు ఐఎస్ఐలో ఉన్నారు. తర్వాత అమెరికా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆ వైపు వెళ్తే బోర్డు చూడండి.

ఇక మన పని. ఎంబీఏ ప్రాజెక్ట్ అనగానే ఏం చేస్తాం? గూగుల్ ఫారమ్ తయారుచేసి క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో పడేస్తాం. "ప్లీజ్ ఫిల్ చేయండి రా" అని నాలుగు సార్లు అడుగుతాం. ఫ్రెండ్స్ ఫిల్ చేస్తారు. దానికి ఒక టెస్ట్ వేసి, పీ వాల్యూ రాసి, "హైదరాబాద్ వినియోగదారులు ఇలా అనుకుంటున్నారు" అని టైటిల్ పెడతాం. నేను మిమ్మల్ని తిట్టట్లేదు, నేనూ అదే బ్యాచ్.

ఈసారి ఒక్క పని చేయండి. రిపోర్ట్‌లో చివర ఒక పేజీ పెట్టండి. ఫారమ్ ఎవరికి చేరలేదు? చేరినా ఎవరు నింపలేదు? వాళ్లు నింపి ఉంటే జవాబు ఎటువైపు మారేది? ఇంత చిన్న శాంపిల్‌తో యావరేజ్ ఎంత అటూ ఇటూ ఊగుతుంది? ఆ పేజీ రాయడానికి కూర్చుంటే స్టాండర్డ్ ఎర్రర్ ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు, దాని అవసరం మీకే వస్తుంది. అవసరం వచ్చిన ఫార్ములా మర్చిపోవడం కష్టం.

వైవాలో ఎగ్జామినర్ ఆ పేజీ చూసి మార్కులు తగ్గిస్తారేమోనని భయం ఉంటుంది. ఉండొచ్చు కూడా. నా పాత ఆఫీసు మీటింగ్‌లో ఆ పేజీ చూపించి ఉంటే నాకు చప్పట్లు పడేవి కావు. కానీ కొన్ని నెలల తర్వాత తల వంచుకుని కూర్చునే పని కూడా ఉండేది కాదు.

మీ ప్రాజెక్ట్‌లో, ఉద్యోగంలో ఇలా అంకె మిమ్మల్ని మోసం చేసిన సందర్భం ఉంటే కామెంట్‌లో రాయండి. మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. అప్పటివరకు ఎవరైనా పెద్ద అంకె చూపిస్తే, మర్యాదగా ఒక్క మాట అడగండి: ఇందులో తప్పెంత? ఉంటా మరి, నమస్తే.